ప్లాటు అమ్మి బిడ్డను బెంగళూరు ఈతకు పంపాలా?

ప్రశ్న: మాది హన్మకొండ. మా పాపకు పదమూడేళ్లు, ఎనిమిదో తరగతి. ఈ ఏడాది ఈతలో స్టేట్ లెవెల్‌లో మూడు గోల్డ్‌లు వచ్చాయి. జూనియర్ నేషనల్స్‌లో 200 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్‌లో (వెల్లకిలా ఈదేది) 14వ స్థానం. కోచ్ బెంగళూరు అకాడమీలో చేర్పించమంటున్నారు. నేను పాపతో అక్కడే ఉండాలి, అన్నీ కలిపి నెలకు 50 వేలు అవుతుంది. మావారి జీతం చేతికి 68 వేలు, నా కుట్టుపని మీద 12 వేలు వస్తాయి. హోమ్ లోన్ 16 వేలు, ఇంటి ఖర్చు 28 వేలు, ఇంటర్ చదివే బాబుకు 9 వేలు, పాప ఈతకు 14 వేలు, చిట్టీ 5 వేలు. ఎఫ్‌డీ 4 లక్షలుంది. పాప రేసింగ్ సూట్ క్రెడిట్ కార్డు ఈఎంఐలో కొన్నాం. చిట్టీ వచ్చే మార్చిలో అయిపోతుంది, 3 లక్షలు చేతికొస్తాయి. హసన్‌పర్తి దగ్గర 2014లో 6 లక్షలకు కొన్న 200 గజాల ప్లాటుకు ఇప్పుడు 28 లక్షలు ఇస్తామంటున్నారు. అమ్మేద్దామా? పాప పేరు మీద పాలసీ కట్టమని ఏజెంట్ కూడా తిరుగుతున్నాడు, అదీ చెప్పండి.

జవాబు: అక్కా, ముందు జవాబు చెప్పేస్తాను, తర్వాత లెక్కలు చూద్దాం. ప్లాటు అమ్మొద్దు. ఈత మాన్పించొద్దు. బెంగళూరుకు ఇప్పుడే కాపురం మార్చొద్దు.

మీరు రాసిన 50 వేలు అసలు ఖర్చు కాదు. అందులోంచి ఇప్పుడు ఈతకు పెడుతున్న 14 వేలు తీసేస్తే అదనంగా పడేది 36 వేలు, కానీ మీరు అక్కడికి వెళ్తే ఇక్కడ మిషన్ ఆగిపోతుంది కదా, ఆ 12 వేలు ఎవరిస్తారు? అది కలిపితే 48 వేలు, ఏడాదికి 5 లక్షల 76 వేలు. ఇంట్లో మగవాళ్లిద్దరూ కర్రీ పాయింట్ మీద పడితే అయ్యే ఖర్చు నేను కలపనే లేదు.

ఇక ప్లాటు. 28 లక్షలు పూర్తిగా మీ చేతికి రావు. 22 లక్షల లాభం మీద 12.5 శాతం క్యాపిటల్ గెయిన్స్ పన్ను, సెస్‌తో కలిపి 2 లక్షల 86 వేలు పోతాయి (2024 జూలై 23కు ముందు కొన్నది కాబట్టి ఇండెక్సేషన్‌తో, అంటే కొన్న ధరను ధరల పెరుగుదలకు తగ్గట్టు పెంచి లెక్కేసి, 20 శాతం కట్టే దారి కూడా ఉంది, మీకు మాత్రం అది ఇంకా ఎక్కువే పడుతుంది). మిగిలేది 25 లక్షల పైచిలుకు. ఏడాదికి 5.76 లక్షల చొప్పున తీస్తూ పోతే, ఫీజులు రూపాయి కూడా పెరగవనుకున్నా, నాలుగేళ్ల నాలుగు నెలలకు ఖాళీ. అప్పటికి పాపకు పదిహేడేళ్లు దాటుతాయి, బాబు బీటెక్ ఫీజులు నడుస్తుంటాయి, వెనక చూసుకోవడానికి ఏమీ ఉండదు. ఇది పాప ప్రతిభ మీద అనుమానంతో చెప్పడం లేదు, పాప మెడల్ కొట్టినా ఈ లెక్క మారదు.

ఎందుకంటే మన దేశంలో ఈత డబ్బులు తెచ్చే ఆట కాదు. ఒలింపిక్స్ ఈతలో ఇండియాకు ఇంతవరకు ఒక్క మెడల్ కూడా లేదు, కాబట్టి స్పాన్సర్లు అటువైపు పెద్దగా చూడరు. వీర్‌ధవల్ ఖాడే సంగతే తీసుకోండి. స్కూలు వయసులోనే 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు, 2010 ఆసియా క్రీడల్లో 50 మీటర్ల బటర్‌ఫ్లైలో కాంస్యం తెచ్చాడు, 1986లో ఖజాన్ సింగ్ రజతం తర్వాత ఆసియా క్రీడల ఈతలో మనకొచ్చిన మొదటి మెడల్ అదే. అంతటివాడు బతుకుదెరువుకు మహారాష్ట్రలో తహసీల్దార్ ఉద్యోగంలో చేరి కొన్నేళ్లు ఈతకు దూరమయ్యాడు. మళ్లీ వచ్చి 2018 జకార్తా ఆసియా క్రీడల్లో 50 మీటర్ల ఫ్రీస్టయిల్‌లో సెకనులో నూరో వంతు తేడాతో కాంస్యం పోగొట్టుకున్నాడు. ఒలింపిక్స్ 'ఎ' కట్ (నేరుగా అర్హత ఇచ్చే టైమింగ్) అందుకున్న మొదటి భారతీయ ఈతగాడు సాజన్ ప్రకాశ్‌కు కేరళ పోలీసులో ఉద్యోగం. ఈతలో పైకొచ్చినవాళ్లకు కూడా అన్నం పెడుతున్నది సర్కారు కొలువే.

మన దగ్గర అందరూ కల్లెడ పరుగుల అమ్మాయి దీప్తి జీవాంజి పేరు చెప్తారు, మీ చుట్టాలు కూడా చెప్పే ఉంటారు. పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చాక రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం, వరంగల్‌లో 500 గజాల స్థలం ప్రకటించింది. నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ డీఎస్పీ అయింది. గర్వపడాల్సిందే. కాకపోతే అవన్నీ ప్రపంచ స్థాయి మెడల్ మెడలో పడ్డాక వచ్చినవి. బిల్లులు మాత్రం పదమూడో ఏటి నుంచే కట్టాలి, మధ్యలో ఉన్న ఆ ఏళ్లే మీ సమస్య.

మధ్యలో ఆదుకునేది కేంద్ర ప్రభుత్వ ఖేలో ఇండియా లాంటి పథకం. ఎంపికైన పిల్లలకు ఏడాదికి 6.28 లక్షల సాయం అంటారు గానీ అదంతా మీ అకౌంట్లో పడదు. చేతి ఖర్చుకు ఇచ్చేది నెలకు 10 వేలు, మిగతాది శిక్షణ, వసతి, తిండి, పోటీల కింద అకాడమీ వైపు పోతుంది. అయినా మంచిదే, ఎందుకంటే మీ 50 వేలల్లో పెద్ద భాగం అదే మోస్తుంది. అందుకే ముందు సాయం రావాలి, తర్వాతే మకాం మారాలి. మీరు తలకిందులుగా వెళ్తున్నారు.

కోచ్ గారి మాట కొట్టిపారేయడం లేదు. పారిస్ ఒలింపిక్స్‌కు మన దేశం నుంచి ఈతకు వెళ్లిన ఇద్దరూ, శ్రీహరి నటరాజ్, పద్నాలుగేళ్ల ధినిధి దేసింగు, బెంగళూరువాళ్లే. అక్కడ శిక్షణ, పోటీ ఎక్కువ, అది నిజం. కానీ పక్కన తెల్లారకముందే లేచి ఈదే పిల్లలు ఇంకెందరో ఉంటారు, వాళ్లందరి అమ్మానాన్నలకూ ఎవరో ఒకరు ఇదే మాట చెప్పి ఉంటారు.

మీరు పంపిన నోట్‌బుక్ పేజీ ఫోటో చూశాను. ఎడమ పక్క పాలవాడి లెక్క, కుడి పక్క పాప టైమింగ్‌లు, 2:49 నుంచి ఏడాదిలో 2:41కి వచ్చింది. ఎనిమిది సెకన్లు చిన్న విషయం కాదు. నాకు మూడు గోల్డ్‌ల కన్నా ఆ పేజీయే నచ్చింది. స్టేట్ గోల్డ్ అంటే ఆ రోజు పక్క లేన్లలో ఎవరున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది, గడియారానికి ఆ మొహమాటం లేదు. ఒక్కటి చూసుకోండి, ఆ రెండు టైమింగ్‌లూ 50 మీటర్ల కొలనులోవేనా? 25 మీటర్ల కొలనులో మలుపులు ఎక్కువ, మలుపు మలుపుకీ గోడను తన్నుకుని వేగం వస్తుంది కాబట్టి టైం తక్కువ చూపిస్తుంది, రెండింటినీ కలిపి పోల్చకూడదు.

ఇప్పుడు నేను చెప్పేది. మార్చిలో వచ్చే చిట్టీ డబ్బు 3 లక్షలు పాప ఈతకే రాసిపెట్టండి, ఎఫ్‌డీ జోలికి పోకండి. ఎండాకాలం సెలవుల్లో ఆరు వారాలు బెంగళూరు క్యాంపు, మీరూ వెంట వెళ్లి పీజీలో ఉన్నా, ఫీజు, తిండి, రైలు కలిపి లక్ష దాటకుండా చూసుకోవచ్చు. అలా మూడు వేసవులు. మిగతా రోజులు ఇక్కడి కోచ్ దగ్గరే, అప్పుడప్పుడు శనివారం కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ గచ్చిబౌలి 50 మీటర్ల కొలనులో సాధన. పదహారో ఏడు వచ్చేసరికి పాప జూనియర్ నేషనల్స్ ఫైనల్ ఎనిమిది మందిలో ఉంటే, లేదా ఖేలో ఇండియా సాయం వస్తే, అప్పుడు బెంగళూరు సంగతి మళ్లీ మాట్లాడుకుందాం. ఈ మధ్యలో ఒక మీట్‌లో టైం పెరిగిందని కంగారుపడొద్దు, ఆ వయసులో ఆడపిల్లల ఒళ్లు మారుతుంది, టైమింగ్ కొన్నాళ్లు ఆగిపోవడం మామూలే. ఇంట్లో డబ్బు టెన్షన్ ఎక్కువైతే మాత్రం ఆ ఆగిన కాలం పిల్లకు నరకంలా ఉంటుంది. ప్లాటు అమ్మి పంపాక ఒక్క మీట్‌లో వెనకబడిందనుకోండి, ఎవరూ ఏమీ అనకపోయినా బిడ్డకు తెలుస్తుంది.

చదువు ఆపొద్దు. తెలంగాణలో ప్రభుత్వ ఉద్యోగాల్లో 2 శాతం స్పోర్ట్స్ కోటా ఉంది, ఇంజినీరింగ్ సీట్లలో ఉంది, రైల్వేలో వేరే భర్తీలున్నాయి. అన్నింటికీ చదువు అర్హత కావాలి, సర్టిఫికెట్ కావాలి. కేంద్ర ఉద్యోగాలకు ఫారం-1, ఫారం-2 అని వేర్వేరు నమూనాలుంటాయి, ఏ స్థాయి పోటీకి ఎవరు సంతకం పెట్టాలో నిబంధన ఉంది. మీట్ అయిపోయిన నెలలోనే ఆ కాగితం తీసుకోండి. మూడేళ్ల తర్వాత ఆఫీసు మారి, సెక్రటరీ మారి, అప్పుడు తిరగలేక చస్తారు.

ఏజెంట్‌కు వద్దని చెప్పండి. ఈ ఇంట్లో పాలసీ కావాల్సింది సంపాదించే మనిషికి. మీవారి పేరు మీద కోటి రూపాయల టర్మ్ పాలసీ (మనిషి పోతే ఇంటికి డబ్బిచ్చేది) తీసుకోండి. మీ లెక్క ప్రకారం నెలకు 8 వేలు మిగలాలి, కానీ రేసింగ్ సూట్ క్రెడిట్ కార్డు ఈఎంఐలో కొన్నామని రాశారంటే మిగలడం లేదన్నమాట. ఆ ఈఎంఐ ముందు తీర్చేసి, తర్వాత సూట్లు మీట్‌కు ఒకటి కాకుండా ఏడాదికి ఒకటిగా పెట్టుకోండి. ఆడపిల్లల పొదుపు పథకం సుకన్య సమృద్ధి, పాపకు పదేళ్లు దాటాయి కాబట్టి కుదరదు, పాప పేరున పీపీఎఫ్ తెరవొచ్చు, మీ ఖాతాతో కలిపి ఏడాదికి లక్షన్నర పరిమితి. రేపు నగదు బహుమతులు వస్తే అవి పాప సొంత ప్రతిభతో వచ్చినవి కాబట్టి మీ ఆదాయంలో కలపరు, ఆ డబ్బు మీద వచ్చే వడ్డీ మాత్రం మీ ఇద్దరిలో ఎక్కువ సంపాదన ఉన్నవాళ్ల ఆదాయంలో కలుస్తుంది, రిటర్న్ వేసేటప్పుడు మర్చిపోకండి.

ఫిజియో ఖర్చు ఈత పిల్లలకు తప్పదు, భుజాలు పట్టేస్తాయి. మామూలు హెల్త్ పాలసీలు ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే ఫిజియోకు సాధారణంగా ఇవ్వవు, నెలకు వెయ్యో పదిహేను వందలో విడిగా పక్కన పెట్టండి.

బ్రోకర్‌కు ఇవాళే ఫోన్ చేసి అమ్మడం లేదని చెప్పండి. అడ్వాన్స్ తీసుకుని అగ్రిమెంట్ రాసుకున్నాక వెనక్కి తగ్గితే ఆ గొడవ వేరే ఉంటుంది.