గులాబీ రంగు పురుగు బీటీ విషానికి అలవాటు పడిందా?

సందేహం: మాది ఆదిలాబాద్ జిల్లా. ఆరెకరాల నల్లరేగడిలో ఏటా పత్తి వేస్తున్నాను. బీటీ విత్తనం వచ్చిన కొత్తలో కాయ కోసి చూస్తే పురుగు కనిపించేది కాదు. ఇప్పుడు రెండో తీత నుంచే సగం విచ్చిన కాయలు, మరకలు పడిన పత్తి వస్తున్నాయి. విత్తనంలో పస తగ్గించి అమ్ముతున్నారా, లేక పురుగే ఆ విషానికి అలవాటు పడిందా? రెండేళ్లు బీటీ మానేస్తే పురుగు మళ్లీ మామూలవుతుందా? మందు మోతాదు పెంచితే ఫలితం ఉంటుందా? – ఒక పత్తి రైతు

సమాధానం: నకిలీ విత్తనాలు మార్కెట్లో లేవని ఎవరూ అనలేరు కానీ, మీరు చెబుతున్న లక్షణాలకు అసలు కారణం అది కాదు. బీటీ అనే నేల బ్యాక్టీరియా నుంచి తీసిన, పురుగును చంపే విషాన్ని తయారుచేసే జన్యువు ఒకటి గల బీటీ పత్తికి మన దేశంలో 2002లో, రెండు జన్యువులు గల బోల్‌గార్డ్-2కు 2006లో అనుమతి లభించింది. 2009 సీజనులో గుజరాత్‌లోని అమ్రేలి, భావ్‌నగర్, జునాగఢ్, రాజ్‌కోట్ జిల్లాల్లో మొదటి రకం బీటీ పత్తిపై గులాబీ రంగు పురుగు బతుకుతున్నట్లు గుర్తించారు. ఆ తరువాత కొద్ది సంవత్సరాల్లోనే రెండు జన్యువుల పత్తి కూడా దానికి లొంగిపోయింది. విత్తనం మాట పక్కన పెట్టి, ప్రయోగశాలలో కొలిచిన మోతాదులో బీటీ విషాన్ని మేతలో కలిపి పెట్టినా ఈ పురుగులు చావలేదు కనుక, మార్పు వచ్చింది పురుగులోనే అని తేలింది.

అయితే ‘అలవాటు పడటం’ అన్న మాట దగ్గర మాత్రం కాస్త ఆగాలి. కల్లు తాగేవాడు అలవాటు పడతాడు, ఎందుకంటే నిన్న తాగినవాడూ ఈరోజు తాగేవాడూ ఒక్కడే. బీటీ గింజ కొరికిన లేత పురుగు కొద్ది రోజుల్లోనే చస్తుంది. చచ్చిన పురుగు దేనికీ అలవాటు పడదు, తన పిల్లలకు ఏమీ నేర్పదు. మీ చేలో ఏ ఒక్క పురుగూ తన జీవితకాలంలో మారలేదు. తరం తరువాత తరంలో ఎవరి పిల్లలు మిగిలారన్నదే మారింది. జీవపరిణామం అని మేము పిలిచేది దీన్నే. అది లక్షల సంవత్సరాల నాటి ముచ్చట అనుకుంటాం గానీ, నెల రోజులకు ఒక తరం గడిచే పురుగులో పదిహేనేళ్లు చాలు.

బీటీ విషం పురుగు మధ్య పేగులోకి వెళ్లి, పేగు గోడ కణాల మీద ఉండే క్యాడ్‌హెరిన్ వంటి ప్రోటీన్లను పట్టుకుని, ఆ గోడకు చిల్లులు పొడుస్తుంది. ఆ ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువులో ఎప్పుడో ఒకప్పుడు నకలు తప్పు దొర్లి దాని ఆకారం చెడితే, మొదటి బీటీ విషానికి పట్టు దొరకదు. రెండో విషానికి తట్టుకునే పురుగుల్లో చెడినది వేరే జన్యువు. ఇలాంటి తప్పులు బీటీ పత్తి ఉన్నా లేకపోయినా జరుగుతూనే ఉంటాయి; విషం వాటిని పుట్టించదు, ఉన్నవాటిని ఏరి మిగులుస్తుంది.

లెక్క కోసం, ఇలా చెడిన జన్యువు వెయ్యింటిలో ఒకటి ఉందనుకుందాం. ప్రతి పురుగుకూ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు ప్రతులు వస్తాయి. రెండూ చెడినవే ఉన్న పురుగు పది లక్షల్లో ఒకటి మాత్రమే ఉంటుంది, పూర్తి మోతాదు విషాన్ని తట్టుకునేది కూడా అదొక్కటే. ఊరంతా బీటీయే వేస్తే, మిగిలిన ఆ కొద్ది పురుగులే రెక్కల పురుగులై ఒకదానితో ఒకటి జత కడతాయి, వాటి సంతానమంతా తట్టుకునేదే అవుతుంది. అదే పక్కన బీటీ లేని పత్తి ఉంటే, అక్కడి నుంచి వేల సంఖ్యలో మామూలు రెక్కల పురుగులు వచ్చి వీటితో కలుస్తాయి. అప్పుడు పిల్లలకు ఒక్క ప్రతే చెడినది ఉంటుంది కాబట్టి అవి బీటీ చేలో చచ్చిపోతాయి.

450 గ్రాముల బీటీ విత్తనంతో పాటు 120 గ్రాముల నాన్ బీటీ ప్యాకెట్ ఇచ్చింది ఇందుకే. చేను చుట్టూ ఐదు వరుసలు గానీ, మొత్తం విస్తీర్ణంలో 20 శాతం గానీ, ఏది ఎక్కువైతే అంత వేయమన్నారు. ఆ చిన్న ప్యాకెట్‌ను గట్టు మీద పారేసిన రైతును నేను తప్పుపట్టను. పురుగుకు మేత ఎందుకు వేయాలో అర్థమయ్యేలా చెప్పకుండా నియమం అని మాత్రమే చెప్పిన మాబోటి వాళ్లదే ఎక్కువ తప్పు. దాని బదులు కంది వేసినా ఈ పురుగు విషయంలో ప్రయోజనం లేదు. శనగపచ్చ పురుగు కంది, శనగ, టమాటా వంటి ఎన్నో పంటల మీద బతుకుతుంది కాబట్టి ఆ చేలన్నీ దానికి సహజంగానే ఆశ్రయమయ్యాయి. గులాబీ రంగు పురుగుకు దాదాపు పత్తే దిక్కు.

మన దగ్గర మరో చిక్కు కూడా ఉంది. మనం వేసేవి సంకర రకాలు. చాలా సంకరాల్లో బీటీ జన్యువులు తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే వస్తాయి. మొక్క ఆకుల్లో, కాయ తొక్కలో విషం ఉన్నా, కాయలోని గింజలు తరువాతి తరానివి కనుక వాటిలో జన్యువులు విడిపోతాయి. రెండు జన్యువుల సంకరంలో సగటున పదహారు గింజలకు తొమ్మిదింటిలో రెండు విషాలూ, ఆరింటిలో ఏదో ఒకటీ ఉంటాయి, ఒక గింజలో ఏదీ ఉండదు. ఈ పురుగు తినేది గింజనే. ఒకే కాయలో విషమున్న గింజా లేని గింజా దొరికితే, పూర్తి మోతాదుకు చావవలసిన, ఒక ప్రతి మాత్రమే చెడిన పురుగు కూడా బతికి బయటపడే అవకాశం ఉంది.

చైనాలోని యాంగ్‌ట్సీ నది లోయలో రైతులు సంకర పత్తి నుంచి వచ్చిన రెండో తరం విత్తనం వేశారు. ఒకే జన్యువు గల ఆ పత్తిలో నాలుగో వంతు మొక్కలు బీటీ లేనివి వచ్చాయి. ఆ మొక్కల మీద పెరిగిన మామూలు పురుగుల వల్ల అక్కడ నిరోధక శక్తి పెరగకపోగా తగ్గిందని 2017లో ప్రచురించిన పరిశోధన చెబుతోంది. దీన్ని చూసి మీరు ఇంటి విత్తనం వేయవద్దు. నిరోధక పురుగు అరుదుగా ఉన్నప్పుడు పనిచేసిన ఉపాయమది, మన చేలల్లో ఇప్పుడు మామూలు పురుగే అరుదు.

మీ రెండో ప్రశ్నకు సమాధానం కూడా ఇందులోనే ఉంది. పురుగు ఏదీ నేర్చుకోలేదు కాబట్టి మరిచిపోయేదీ లేదు. చెడిన జన్యువు వల్ల బీటీ లేని పత్తి మీద పురుగుకు కొంత నష్టం ఉంటే దాని వాటా మెల్లగా తగ్గుతుంది, కానీ మామూలు పురుగులు వచ్చి కలవడానికి ఎక్కడో మిగిలి ఉండాలి. మీ ఆరెకరాల్లో మాత్రమే మానేస్తే పక్క చేల నుంచి రెక్కల పురుగులు ఎగిరివస్తాయి. రెండేళ్లు ఊరంతా కలిసి పత్తికి బదులు సోయా, కంది, జొన్న వేస్తే పురుగు సంఖ్య తప్పక పడిపోతుంది, నిరోధక శక్తి మాత్రం అంత తొందరగా పోదు.

మందు మోతాదు పెంచడం కూడా అదే ఏరివేతను మరో చోట మొదలుపెట్టడమే. పైగా పురుగు కాయలోకి దూరాక రంధ్రం పూడుకుపోతుంది, మీ మందు దాన్ని తాకదు. అందువల్ల పూత దశ నుంచే ఎకరానికి నాలుగు నుంచి ఎనిమిది లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసనతో మగ రెక్కల పురుగులను రప్పించి పట్టేవి) పెట్టండి. బుట్టకు రోజుకు ఎనిమిది చొప్పున వరుసగా మూడు రోజులు రెక్కల పురుగులు పడినా, పూలలో పది శాతం గుడ్డి పూలు (రేకులు విచ్చుకోక ముడుచుకుపోయినవి) ఉన్నా మందు కొట్టాలి. వారానికోసారి చేనంతా తిరిగి ఇరవై పచ్చి కాయలు కోసి చూడండి. చిన్న పురుగు తెల్లగా, గోధుమ రంగు తలతో ఉంటుంది, పెద్దయ్యాకే గులాబీ రంగు తేలుతుంది. ఇరవైలో రెండు కాయల్లో పురుగు కనిపించినా ఆలస్యం చేయవద్దు. లీటరు నీటికి ప్రొఫెనోఫాస్ 2 మి.లీ. గానీ థయోడికార్బ్ 1.5 గ్రా. గానీ, ఒకసారి వాడినది వెంటనే మళ్లీ వాడకుండా మార్చుతూ కొట్టండి. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులను ముందే వాడితే తెల్లదోమ పెరుగుతుంది.

వచ్చే సీజనుకు తక్కువ కాలంలో ఒకేసారి కాపుకొచ్చే రకం ఎంచుకోండి. నీళ్లున్నాయని మార్చి దాకా పంటను పొడిగిస్తే పురుగుకు మరో రెండు తరాలు ఇచ్చినట్లే. డిసెంబరు చివరికి తీత ముగించి, పశువులను లేదా గొర్రెలను మేపి, మోళ్లను పీకి తీసేయండి. చివరి తీత పత్తిలో రెండు గింజలు ఒకదానికొకటి అతుక్కుని కనిపిస్తే విప్పి చూడండి, నిద్రావస్థలో ఉన్న పురుగు వాటి మధ్య చుట్టుకుని ఉంటుంది. అలాంటి పత్తిని ఇంట్లో జూన్ దాకా నిల్వ ఉంచకండి.