కార్ట్‌లో ఒక రేటు, బిల్లులో ఇంకో రేటు ఎందుకంటే

మీ ఆన్‌లైన్ షాపు కార్ట్‌లో కస్టమరుకు చూపిన షిప్పింగ్ కన్నా, పార్సెల్ కంపెనీ యూపీఎస్ మీకు పంపే బిల్లు ఎక్కువ వస్తోందన్నారు కదండీ, చాలావరకు అది రెసిడెన్షియల్ సర్‌చార్జే అయ్యుంటుంది. అమెరికాలో యూపీఎస్, ఫెడెక్స్ రెండూ ఇంటి అడ్రసుకు అదనంగా తీసుకుంటాయి. ఇంట్లోంచే వ్యాపారం నడిపినా యూపీఎస్ లెక్కలో అది ఇల్లే. పైన కంపెనీ పేరు రాసినంత మాత్రాన ఆఫీసు అయిపోదు.

మీ సైటు కోడ్‌లో యూపీఎస్‌ను రేటు అడిగేచోట ఒకసారి చూడండి. 'రెసిడెన్షియల్ అడ్రస్ ఇండికేటర్' (ఇది ఇంటి అడ్రసని చెప్పే గుర్తు) పంపకపోతే యూపీఎస్ దాన్ని ఆఫీసు అనుకుని తక్కువ రేటు ఇస్తుంది. కార్ట్ పేజీలో చేతికొచ్చేది జిప్ కోడ్ ఒక్కటే కాబట్టి, అక్కడ ఇల్లు అనుకునే లెక్క వేయండి. పూర్తి అడ్రసు వచ్చాక వెరిఫై చేసి, ఆఫీసని తేలితే తగ్గించండి. రేటు తగ్గితే ఎవరూ బాధపడరు. చివరి పేజీలో పెరిగితే మాత్రం కార్ట్ వదిలేసి వెళ్లిపోతారు, నా షాపులో అదే చూశాను.