సిన్సినాటి కోనీ ఐలాండ్ పార్కు ఎందుకు మూతపడింది?

ఒహాయో నది ఒడ్డున ఉన్న ఈ అమెరికా వినోద పార్కు ఒక్క దెబ్బకు పోలేదు. రెండుసార్లు మూతపడింది, రెండు కారణాలూ వేరు.

1886లో మొదలైన ఈ పార్కుకు జనం ఐలాండ్ క్వీన్ అనే స్టీమరెక్కి వచ్చేవారు. అయితే ఆ నదే వరదలూ తెచ్చేది. 1937 జనవరిలో నీళ్లు దాదాపు 80 అడుగుల మట్టానికి చేరి, రంగులరాట్నం గుర్రాలు కొన్ని కొట్టుకుపోయాయి. బురద ఎత్తిపోసి మళ్లీ తెరిచారు. 1964లో ఇంకో పెద్ద వరద. పైగా విస్తరించడానికి చోటు లేదు. 1969లో టాఫ్ట్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ పార్కును కొని, నదికి దూరంగా కింగ్స్ ఐలాండ్ అనే కొత్త పార్కు కట్టింది. 1971 సీజన్ అయ్యాక పాత పార్కు మూతపడి, రంగులరాట్నంతో సహా చాలా రైడ్లు అక్కడికి తరలిపోయాయి. షూటింగ్ స్టార్ అనే చెక్క రోలర్ కోస్టర్‌ను మాత్రం కూల్చేశారు.

మిగిలిందల్లా ప్రధానంగా 1925 నాటి సన్‌లైట్ పూల్ అనే ఈతకొలను. 401 అడుగుల పొడవు, 200 అడుగుల వెడల్పు! (1961 దాకా నల్లజాతివారిని అందులోకి రానివ్వలేదు. పార్కు వైభవం గురించి చెప్పేటప్పుడు ఇది దాటవేయడం అన్యాయం.) ఆ పూల్ చుట్టూ పార్కు చిన్న స్థాయిలో మళ్లీ నిలదొక్కుకుంది.

2023 డిసెంబరులో సిన్సినాటి సింఫనీ అనే వాద్యబృందానికి చెందిన అనుబంధ సంస్థ కచేరీల వేదిక కోసం స్థలం కొనడంతో, ఆ నెలాఖరున పార్కు మూసేశారు. నా దృష్టిలో మొదటిది నది తెచ్చిన కష్టం, రెండోది పూర్తిగా మనుషుల నిర్ణయం. ఆ పూల్‌నైనా ఉంచాల్సింది.