ఫీజు ఎవరు కట్టాలక్కా?

ప్రశ్న: అక్కా, నాకు 41 ఏళ్లు. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ల్యాబ్‌లో హెల్పర్‌ని. సూపర్‌వైజర్ పని నాకు వచ్చు, కానీ దానికి డిగ్రీ కావాలంటున్నారు. ఇంటర్‌తో నన్ను ఆపి తమ్ముడిని పాలిటెక్నిక్‌లో చేర్చారు మా వాళ్లు. ఇప్పుడు డిస్టెన్స్‌లో డిగ్రీ కడతానంటే, ‘ఆ డబ్బు పెడితే పాపకు ల్యాప్‌టాప్ వస్తుంది కదా’ అంటున్నాడు మా ఆయన. గాజులు కుదువ పెట్టేదా?
– ఒక చెల్లెలు, చిత్తూరు

జవాబు: గాజులు తియ్యొద్దమ్మా.

నేను డిగ్రీ కట్టింది 36వ ఏట. మా అత్త తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలమ్మేది. ఫీజు గడువు రేపనగా మల్లెల గంప అడుగు నుంచి నోట్లు తీసి నా చేతిలో పెట్టింది. అన్నీ తడి. రాత్రి ఇస్త్రీపెట్టెతో ఒక్కో నోటూ ఆరబెట్టుకున్నా. పొద్దున బ్యాంకులో చలానా కడుతుంటే ఇంకా మల్లెల వాసనే. ‘అప్పుగా రాసుకోనా అత్తా?’ అనడిగితే, ‘పదేళ్లుగా నీ జీతం ఈ ఇంట్లో పడతా ఉంది, నేనేమన్నా రాసుకున్నానా?’ అనింది.

నీకూ అదే చెప్తా. నువ్వు ఆగితేనే తమ్ముడి చదువు సాగింది. కాబట్టి అతన్ని సాయం అడగొద్దు, ‘ఈసారి నా వంతు’ అని అడుగు. ఇంటి డబ్బులో నీ జీతమూ ఉంది కదా, మీ ఆయన దగ్గర మొహమాటం ఎందుకు? ల్యాప్‌టాప్ ఆరు నెలలు ఆగినా పాప చదువు ఆగదు.

డిగ్రీ కావాలన్నది ఫ్యాక్టరీ. అందుకని వాళ్లూ కొంత భరించాలి. పరీక్ష రోజుల జీతం కోయబోమని కాగితం మీద రాయించుకో. ఈ చదువులో ఫీజు కంటే అలా పోయే కూలీ, బస్సు ఛార్జీలే భారం. తోతాపురి మామిడి దిగే జూన్, జూలైలో నీకు సెలవు దొరకదు, పరీక్షలు ఏ నెలల్లో పెడతారో కనుక్కున్నాకే చేరు.

ఇక ప్రభుత్వం. ఫీజు రీయింబర్స్‌మెంట్ దూరవిద్యకు రాదు. ఇది నాకు ఎప్పుడూ బాధే. నీలాంటి వాళ్ల కోసమే 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మన ఉమ్మడి రాష్ట్రంలో పెట్టారు. తలుపు తీశారు గానీ ఫీజు దగ్గర మనల్ని వదిలేశారు. రాజ్యాంగంలో ఉచిత విద్య హక్కు ఇచ్చిన 21ఏ అధికరణం 14 ఏళ్లతో ఆగిపోతుంది. రాజ్యాంగంలోనే 41వ అధికరణం, శక్తి మేరకు ప్రభుత్వం విద్యాహక్కు కల్పించాలంటుంది, అందులో చదువుకు వయసు హద్దేమీ లేదు. కోర్టుకెళ్లి సాధించుకోగల హక్కు కాదది. అయినా చదువు ఆపేసిన ఆడవాళ్ల ఫీజు కట్టడం ప్రభుత్వం పనేనని నేను గట్టిగా అంటాను.

మా వీధిలో ఒకమ్మాయి గుర్తింపు లేని సెంటర్‌లో మూడేళ్లు ఫీజు కట్టి నష్టపోయింది. నువ్వు చేరే కోర్సుకు ఈ ఏడాది యూజీసీ దూరవిద్యా బ్యూరో అనుమతి ఉందో లేదో వాళ్ల వెబ్‌సైట్‌లో చూశాకే రూపాయి కట్టు.

ఇంటర్ మెమో, టీసీ ఈ రాత్రే వెతికి పెట్టుకో. తమ్ముడికి ఫోన్ చేశాక ఏమన్నాడో నాకు రాయి.