ఆక్స్‌ఫర్డ్‌లో ఆ హోటల్ గది: నాలుగు రాత్రులా, ఒక్కటా?

ప్రశ్న: మాది విజయనగరం. హైస్కూలు టీచరుగా రిటైరయ్యాను, పెన్షన్‌తో ఇల్లు గడిచిపోతోంది. మా అమ్మాయి ఆక్స్‌ఫర్డ్‌లో పీజీ పూర్తి చేసింది. సెప్టెంబరులో ఒక శనివారం పట్టా ఇస్తారు. మేమిద్దరం వెళ్తున్నాం, విమానం టికెట్ల డబ్బు విడిగా ఉంది. మా పెళ్లయ్యాక ఎక్కడికెళ్లినా సత్రంలోనో, చుట్టాలింట్లోనో దిగాం. ఈ ఒక్కసారి రాండాల్ఫ్ అనే పెద్ద హోటల్లో ఉండాలని మా ఆవిడ కోరిక. రాత్రికి 380 పౌండ్లు, నాలుగు రాత్రులు. అమ్మాయి మాత్రం కాలేజీ గదులు 130కే వస్తాయంటోంది. ఏడాదిన్నర కిందట పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీములో వేసిన 20 లక్షల్లోంచి రెండు లక్షలు తియ్యనా, బంగారం కుదువ పెట్టనా? అసలిది దుబారా అంటారా?

జవాబు: మాస్టారూ, ముందు దుబారా అనే మాట పక్కన పెట్టండి. ఇన్నేళ్లు సత్రాల్లో సర్దుకున్న అమ్మగారు కూతురు పట్టా పుచ్చుకునే రోజున ఒక మంచి గది అడిగితే, అది ఇచ్చి తీరాల్సిన ఖర్చే. నా పేచీ హోటల్‌తో కాదు, మీరు డబ్బు తీద్దామనుకుంటున్న చోటుతో.

సీనియర్ సిటిజన్ ఖాతాలోంచి కావలసినంత మటుకు తీసుకోవడం కుదరదు. తీయాలంటే ఖాతా మొత్తం మూసేయాలి. ఏడాది దాటి రెండేళ్లు నిండకుండా మూస్తే అసలులో ఒకటిన్నర శాతం కోస్తారు. మీ 20 లక్షల మీద అది 30,000 రూపాయలు. అంటే రెండు లక్షల కోసం ఇరవై లక్షలూ కదిలించి, అందులో ముప్పై వేలు కౌంటర్ దగ్గరే వదిలేసి రావడం. బంగారం కుదువ మాటా వద్దు. రావలసిన డబ్బు చేతికొస్తుంటే వడ్డీ కట్టి అప్పు దేనికి?

ఆ డబ్బు ఎక్కడుందో చెప్తాను. 8.2 శాతం చొప్పున ఆ ఖాతా మీకు మూడు నెలలకోసారి 41,000 ఇస్తోంది. ఏప్రిల్, జులైల్లో పడే రెండు వడ్డీలు ముట్టుకోకుండా ఉంచితే 82,000. టీడీఎస్ కోత ఉంటే ఆ మేరకు తగ్గుతుంది.

ఇప్పుడు గది లెక్క. పౌండు 120 రూపాయలు అనుకుందాం. నాలుగు రాత్రులూ ఆ హోటల్లోనే అయితే 1,82,400. ఒక్క రాత్రి హోటల్, మూడు రాత్రులు కాలేజీ గది అయితే 92,400. తేడా సరిగ్గా 90,000. రెండు వడ్డీలకు మరో పదివేల నాలుగొందలు కలిపితే సరిపోయే రెండో దారే నా సలహా. అమ్మాయి కడతానంటుంది, ఒప్పుకోకండి. చదువు లోను ఏమైనా ఉంటే దాని వాయిదాలు మొదలయ్యే కాలమిది.

కాలేజీ గదులంటే తీసిపారేయకండి. సెలవుల్లో విద్యార్థులు ఖాళీ చేసిన గదులే బయటివాళ్లకు అద్దెకిస్తారు. చాలా కాలేజీల్లో టిఫిను ఆ పాత భోజనశాలలోనే పెడతారు, పొడుగాటి బల్లల దగ్గర. పట్టా రోజు కంటే నాకు ఆ ఉదయమే ఎక్కువ ఇష్టం. కాకపోతే పాత కట్టడాలు, లిఫ్టు లేని మెట్లు, కొన్నిచోట్ల నలుగురికీ కలిపి ఒకటే బాత్రూము. కింది అంతస్తు, లోపలే బాత్రూము ఉన్న గది అని గట్టిగా అడగమనండి. అమ్మగారి మోకాళ్ల సంగతి ముందే చూసుకోవాలి.

రాండాల్ఫ్ 1866లో తెరిచిన హోటల్, ఎదురుగా ఆష్మోలియన్ మ్యూజియం. పట్టాలిచ్చే షెల్డోనియన్ థియేటర్‌కు పది నిమిషాల్లోపు నడక. గది ఎలాగూ తీసుకుంటున్నారు కాబట్టి షరతులు చదవండి. వీసా చేతికొచ్చేదాకా, రద్దు చేస్తే డబ్బు వెనక్కివ్వని చవక రేటు జోలికి వెళ్లొద్దు. బ్రిటన్‌లో చూపే గది ధరలోనే 20 శాతం వ్యాట్ కలిసి ఉంటుంది, టిఫిను మాత్రం కలిసిందో లేదో అడగాలి. గదిలోకి వెళ్లేటప్పుడు కార్డు మీద కొంత డిపాజిట్‌గా ఆపి, వెళ్లిపోయాక వదులుతారు. పరిమితికి దగ్గరగా ఉన్న కార్డు తీసుకెళ్లకండి.

మన క్రెడిట్ కార్డుల్లో చాలావాటికి విదేశీ ఖర్చు మీద మూడున్నర శాతం దాకా మార్కప్ (బ్యాంకు అదనంగా వేసుకునే రుసుము), దాని మీద 18 శాతం జీఎస్టీ ఉంటాయి. నాలుగు రాత్రుల బిల్లు మీద అదొక్కటే ఏడున్నర వేలు. మార్కప్ లేని కార్డో, పౌండ్లు నింపిన ఫారెక్స్ కార్డో ముందే చూసుకోండి. కార్డు మిషన్ రూపాయల్లోనా, పౌండ్లలోనా అని అడిగితే పౌండ్లే నొక్కండి, రూపాయలు నొక్కితే మారకం రేటు ఖరీదు పడుతుంది. నా దగ్గరికొచ్చే శ్రీకాకుళం దంపతులు మనవే కదా అని లండన్‌లో రూపాయలు నొక్కారు. ఆ రసీదు పక్కన బ్యాంకు రేటు రాసి చూపిస్తే వాళ్లావిడ చాలాసేపు మాట్లాడలేదు.

డబ్బు సంగతి కాకపోయినా ఒకటి చెప్పాలి. ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేసిన జర్మన్ పండితుడు మాక్స్ ముల్లర్ సాయణభాష్యంతో అచ్చు వేయించిన ఋగ్వేదం రెండో కూర్పు 1890–92లో వచ్చింది, ఆ ఖర్చంతా భరించింది మన విజయనగరం మహారాజు ఆనంద గజపతి. ముల్లర్ సమాధి ఆ ఊళ్లోనే హోలీవెల్ శ్మశానంలో ఉంది, షెల్డోనియన్ నుంచి నడిచే వెళ్లొచ్చు. విజయనగరం నుంచి వెళ్తున్నారు, ఒకసారి చూసి రండి.

హోటల్ రాత్రి ఎప్పుడన్నది మిగిలింది. శుక్రవారం వద్దు, ప్రయాణం బడలికలో గది చూసినట్టే ఉండదు. శనివారం బాగుంటుంది కానీ తల్లిదండ్రులందరూ ఆ రాత్రికే అడుగుతారు. ఆదివారం వాళ్లలో చాలామంది వెళ్లిపోతారు, ఆ రాత్రి రేటు కూడా అడగమనండి. ఎంత చెప్పారో నాకు రాస్తే, మిగతా లెక్క మళ్లీ సరిచూసి పంపుతాను.