పాత కారు కొనేముందు మేనల్లుడికి ఓ ఉత్తరం

చిరంజీవి కిరణ్‌కు,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన ఫోటోలన్నీ చూశాను. 2013 స్విఫ్ట్ డీజిల్, హైదరాబాద్ బండి, మూడు లక్షలు చెబుతున్నాడు, "ఒక్క రూపాయి పని లేదు" అన్నాడని రాశావు. పన్నెండేళ్లు దాటిన బండికి పని లేకపోవడమనేది ఉండదురా. ఆ పని ఆయన చేయించాడా, నీ నెత్తిన వదిలేస్తున్నాడా అన్నది మనం తేల్చుకోవాలి.

ముందు డీజిలు సంగతి. అందులో ఉన్న 1248 సీసీ ఇంజన్ ఫియట్ వాళ్లది. డిజైర్‌లోనూ రిట్జ్‌లోనూ అదే ఉండేది. గట్టి ఇంజను, కాదనను. వేళకు ఆయిల్ మార్చిన బండ్లు రెండు లక్షల కిలోమీటర్లు దాటినా మా మెకానిక్ షెడ్డుకు నడుచుకుంటూ వస్తాయి. కాకపోతే అది రోజూ దూరాలు తిరిగేవాడి బండి. నువ్వు నెలకు 500 కిలోమీటర్లు కూడా తిరగవు. లెక్క వేసి చూడు. ఊళ్లో డీజిల్ స్విఫ్ట్ లీటరుకు 18 ఇస్తుందనుకో, పెట్రోల్‌ది 14 అనుకో. విజయవాడలో పెట్రోలు 110, డీజిలు 97 చొప్పున వేసుకుంటే నెలకు నీకు మిగిలేది 1,200 రూపాయలు. ఏడాదికి 15 వేలు దాటదు. డీజిలు చిమ్మే ఇంజెక్టరు గానీ, ఇంజనులోకి గాలి నెట్టే టర్బో గానీ చేతికొచ్చిందంటే రెండు మూడేళ్ల మిగులు ఒక్క బిల్లులో పోతుంది. పైగా దగ్గర దగ్గర తిరుగుళ్లకు ఇంజను పూర్తిగా వేడెక్కదు, పొగలో కొంత మళ్లీ ఇంజనులోకి పంపే ఈజీఆర్ వాల్వులో మసి పేరుకుంటుంది, బండి లాగదు.

అయినా చూడాలనుకుంటే పొద్దున్నే వెళ్లు. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉందంటే నువ్వు వచ్చేలోపు స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. మళ్లీ ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చెయ్, మొహమాటపడకు. చల్లని ఇంజను సెల్ఫ్ కొట్టిన మొదటి కొన్ని క్షణాల్లోనే బండి నిజం చెబుతుంది. దీనికి టైమింగ్ బెల్టు ఉండదు, చైను ఉంటుంది. ఆయిల్ మార్పులు ఎగ్గొట్టిన బండిలో చైను సాగి, స్టార్ట్ చేయగానే గలగలమంటుంది. వేడెక్కాక ఆ చప్పుడు అణిగిపోవచ్చు కూడా. అందుకే చల్లగా ఉన్నప్పుడే వినాలి. స్టార్ట్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తియ్యి. పొగ గుప్పుగుప్పుమని తన్నుకొస్తే పిస్టన్ రింగులు అరిగినట్టే, ఇక బేరం ఆడొద్దు. సైలెన్సర్ నుంచి నీలం పొగ వచ్చినా అంతే.

తర్వాత గతుకుల రోడ్డు మీదకి తీసుకెళ్లు, అద్దాలు దించి, పాటలు ఆపేసి. స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగేటప్పుడు ముందు చక్రాల దగ్గర టక్ టక్ మంటే సస్పెన్షన్‌లోని లింక్ రాడ్లు గానీ, లోయర్ ఆర్మ్ బుష్‌లు గానీ అయ్యుంటాయి. వాటికి భయపడక్కర్లేదు, చిన్న ఖర్చే. స్టీరింగ్ ర్యాక్ అయితే మాత్రం ఖర్చు పెద్దది. మూడో గేరులో నెమ్మదిగా వెళ్తూ ఒక్కసారి యాక్సిలరేటర్ నొక్కు. ఇంజను అరుస్తోంది గానీ బండి కదలడం లేదంటే క్లచ్ అయిపోయింది. క్లచ్ సెట్టు, కూలీ కలిపి పదివేలు దాటుతుంది, అంత ధరలో తగ్గించమను.

ఏసీ విషయంలో జాగ్రత్త. "గ్యాస్ తగ్గింది, నింపిస్తే చాలు" అంటారు. ఎక్కడో లీకు లేకుండా గ్యాస్ అంతలా తగ్గదు. ఈ వయసు బండ్లలో ఆ లీకు తరచుగా కూలింగ్ కాయిల్‌లోనే ఉంటుంది, అది మార్చాలంటే చాలావరకు డ్యాష్‌బోర్డు విప్పాలి. మన ఊరి మే నెలలో ఏసీ లేని కారు అక్కయ్యకు, అదే మీ అమ్మకు, ఎందుకు?

ఇంకో ముఖ్యమైన మాట. విజయవాడలో కూడా వెతుకుతున్నావు కదా. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మునిగిన కార్లు ఎన్నో. వాటిని కడిగి, ఆరబెట్టి, సీటు కవర్లు మార్చితే పైకి ఏమీ తెలియదు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడు. మామూలుగా లోపల చుట్టుకుని ఉండే భాగం మీద బురద గీత ఉంటే నీళ్లు అంతవరకు వచ్చినట్టే. కార్పెట్ ఎత్తి సీటు రైళ్ల తుప్పు చూడు, స్టెప్నీ కింద వేలు పెట్టి చూడు, మట్టి ఉంటే తెలిసిపోతుంది. మునిగిన బండి ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. వైరింగ్‌లో ఈరోజు ఒకటి, రేపు ఒకటి పోతూనే ఉంటాయి, ఏ ఎలక్ట్రీషియనూ దాన్ని పూర్తిగా బాగుచేయలేడు.

కాగితాలు. ఆ బండి మీద ఏపీ 09 అని ఉంది కాబట్టి మన రాష్ట్రం బండే అనుకోకు. 2013లో హైదరాబాద్ బండ్లన్నీ ఏపీ నంబర్లే. రికార్డు ఇప్పుడు తెలంగాణలో ఉంటే అక్కడి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకోవాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలో లేదో ఆర్టీఓ ఆఫీసులో కనుక్కో. కట్టాల్సి వస్తే మూడు లక్షల బండి మూడు లక్షలకు రాదు. ఆర్‌సీ మీద ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఆర్‌సీలోంచి ఆ ఫైనాన్స్ తీయించే ఫారం 35 చేతికి వచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వొద్దు. బండి నీ పేరుకు మార్చే 29, 30 ఫారాల మీద సంతకాలు, పాత చలాన్లు సరేసరి. ఇన్సూరెన్స్ 14 రోజుల్లో నీ పేరుకు మార్పించుకోవాలి. అమ్మేవాడి నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) ఆయనతోనే పోతుంది, అది నీకు రాదు. ఇంకో సంగతి, 2013 బండికి 2028లో పదిహేనేళ్లు నిండుతాయి. అప్పుడు ఆర్‌సీ రెన్యువల్ ఫీజే 5,000, ఫిట్‌నెస్ చేయించాలి, గ్రీన్ ట్యాక్స్ వేరే.

నన్నడిగితే పెట్రోల్ బండి చూడు. 2014 తర్వాతి 998 సీసీ వ్యాగన్ఆర్ దొరికితే మంచిది. వెయ్యి సీసీ లోపు కాబట్టి, 2022లో పెట్టిన రేట్ల ప్రకారం థర్డ్ పార్టీ ప్రీమియం 2,094తో పోతుంది, స్విఫ్ట్‌కైతే 3,416, రెండిటికీ జీఎస్టీ అదనం. మూడు సిలిండర్ల ఇంజను కదా, నిలబడి ఉన్నప్పుడు కాస్త అదురుతుంది. మరీ ఎక్కువైతే మౌంటింగులు మార్చాలి. స్పేర్లు ప్రతి ఊళ్లోనూ దొరుకుతాయి. అన్నిటికన్నా, సీటు ఎత్తుగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులతో అక్కయ్య స్విఫ్ట్‌లోకి వంగి ఎక్కడం, దిగడం నువ్వే చూస్తావు. ఒక్క షరతు, ఏ కారైనా ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ ఉన్న వేరియంటే వెతుకు. ఎయిర్‌బ్యాగులు లేని స్విఫ్ట్‌ను 2014లో కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ గుద్ది చూస్తే సున్నా స్టార్లు వచ్చాయి. పాపను వెనక కూర్చోబెట్టుకుని తిరిగేవాడివి, దీనికోసం ఇరవై వేలు ఎక్కువైనా పెట్టు.

ఏది కొన్నా, ధర కాక యాభై వేలు పక్కన ఉంచు. కొన్న వారంలోనే ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేక్ ఆయిల్ మార్పించు, అమ్మినవాడు నిన్ననే మార్చానన్నా సరే. టైర్లకు అరుగుదల ఒక్కటే చూడకు, పక్కన నాలుగంకెలు చదువు. 2319 అంటే 2019లో 23వ వారం. అలాంటివి పైకి బాగున్నా గట్టిపడిపోయి ఉంటాయి. నాలుగూ మార్చాలంటే సుమారు ఇరవై వేలు, బ్యాటరీకి ఐదారు వేలు. ఆ తర్వాత పెట్రోలు కాక ఏడాదికి సర్వీసు, ఇన్సూరెన్స్, చిల్లర పనులు కలిపి పాతిక వేలైనా లెక్కలో పెట్టుకో. అంత భారం అనిపిస్తే ఇంకో ఆర్నెల్లు ఆగు, అవసరమైనప్పుడు ట్యాక్సీ పిలుచుకోండి.

ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వకు. నచ్చిన బండి ఆర్‌సీ ఫోటో పంపు, ఆ నంబరు మీద కంపెనీ సర్వీసు సెంటర్లో ఉన్న హిస్టరీ కూడా తీయించి పంపు. అందులో చివరి సర్వీసు నాటి కిలోమీటర్లు, ఇప్పుడు మీటర్లో ఉన్నవి పోల్చి చూసి నీకు ఫోన్ చేస్తాను.

ఇట్లు,
మామయ్య