టెక్ సందేహాలు: పెట్టె మీది వంద కిలోమీటర్లు

ప్రశ్న: మా పెదనాన్నగారు 1990ల చివర్లో కొన్న లాంగ్ రేంజ్ కార్డ్‌లెస్ ఫోన్ అటక మీద దొరికింది. పెట్టె మీద ‘రేంజ్ 100 కి.మీ.’ అని ఉంది. ఇంటికి 15 కిలోమీటర్ల దూరంలో ఉన్న మా చేపల చెరువు దగ్గర సెల్ సిగ్నల్ అందదు. బ్యాటరీ మారిస్తే అక్కడ పనిచేస్తుందా?
– ఒక పాఠకుడు, కైకలూరు

జవాబు: ఇలాంటి పాత సెట్ల గురించీ, అవే గొప్పలు చెప్పుకుంటూ ఇప్పుడు ఆన్‌లైన్‌లో అమ్ముడవుతున్న వాకీటాకీల గురించీ తరచుగా ఉత్తరాలు వస్తున్నాయి. అందరూ బ్యాటరీ గురించే అడుగుతున్నారు గాని, పెట్టె మీద ఆ అంకె ఎలా వేశారని ఎవరూ అడగడం లేదు.

ఈ సెట్ల తరంగాలు దాదాపు చూపు ఆనినంత మేరకే సాగుతాయి. యాంటెన్నా ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే దానికి అందే దూరం కిలోమీటర్లలో వస్తుంది. రెండు కొసల దూరాలనూ కలుపుకోవాలి. చెవి దగ్గర, మీటరున్నర ఎత్తులో పట్టుకున్న హ్యాండ్‌సెట్‌కు 5 కి.మీ., మేడ మీద 16 మీటర్ల ఎత్తున కట్టిన యాంటెన్నాకు 16.5 కి.మీ., వెరసి సుమారు 21.5 కి.మీ. కొల్లేటి వైపు నేల చదునే అయినా, కొబ్బరి తోటలూ ఇళ్లూ అడ్డొస్తే ఇందులోనూ కోత పడుతుంది. వంద కిలోమీటర్లు అందాలంటే దాదాపు 530 మీటర్ల స్తంభం నిలబెట్టాలి. పవర్ పెంచినా పెద్దగా ఒరిగేది లేదు: నేలకు దగ్గరగా సాగే సిగ్నల్‌కు రెండింతల దూరం కావాలంటే సుమారు పదహారింతల పవర్ పోయాలి. పైగా ఇంట్లో టెలిఫోన్ లైన్‌కు కలిపి ఉండే బేస్ యూనిట్‌కున్న బలం చేతిలోని హ్యాండ్‌సెట్‌కు ఉండదు కాబట్టి, చెరువు గట్టున ఫోన్ మోగినా, మీ మాట మాత్రం ఇంటికి చేరదు. ఆ బలహీనమైన కొసను వదిలేసి దూరం ప్రకటించడం కొనేవాణ్ణి మోసగించడమే.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మాత్రం వేరే విషయం. ఇవి అనలాగ్ ఎఫ్‌ఎం సెట్లు. మాటను ఇతరులకు అర్థం కాకుండా మార్చే ఎన్‌క్రిప్షన్ వీటిలో సాధారణంగా ఉండదు. అవతలివారి గొంతుతో పాటు, టెలిఫోన్ లైన్ నుంచి వెనక్కి తిరిగొచ్చే మీ గొంతు కూడా బేస్ యూనిట్ ప్రసారంలో కలుస్తుంది. అందువల్ల ఆ ఒక్క ఫ్రీక్వెన్సీ పట్టుకున్నవాడికి సంభాషణ రెండు వైపులా వినపడుతుంది. అన్నిటికంటే ఎత్తున, అన్నిటికంటే బలంగా ఉన్న యాంటెన్నా కూడా దానిదే. సిగ్నల్ ఎంత దూరం అందుతుందో అంత దూరం వరకూ మీ మాట బయటపడుతుందని ఏ ప్రకటనా చెప్పలేదు. ఆ రోజుల్లో ఇలా వినడానికి రేడియో స్కానర్ కావలసి వచ్చేది. ఇప్పుడు కొన్ని వేల రూపాయల యూఎస్‌బీ రేడియో రిసీవర్, ఒక ల్యాప్‌టాప్ చాలు. చేపల ధర బేరం సరే, ఇంట్లోవాళ్లు బ్యాంకు ఓటీపీ చదివి వినిపిస్తే ఏమవుతుంది? తొలినాటి కార్డ్‌లెస్ సెట్లలో సెక్యూరిటీ కోడ్ కూడా లేనివి ఉండేవి. అదే ఫ్రీక్వెన్సీ హ్యాండ్‌సెట్ ఉన్నవాడికి మీ లైన్ డయల్ టోన్ దొరికేది, వాడు చేసిన ఎస్టీడీ కాల్ మీ బిల్లులో పడేది.

ఇప్పటి వాకీటాకీల మీద కనిపించే ‘ప్రైవసీ కోడ్’ కూడా ఈ కోవలోదే. అది ఇతరుల మాటలు మీ సెట్‌లో వినపడకుండా ఆపుతుంది. మీ మాటలు ఇతరులకు వినపడకుండా ఆపదు. తెలిసి తెలిసి దానికి ఆ పేరు పెట్టడం క్షమించరాని పని.

చట్టం సంగతి కూడా ఆ పెట్టె మీద ఉండదు. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం కింద లైసెన్సు లేకుండా ఇలాంటి సెట్ దగ్గర ఉంచుకోవడమే నేరం; దాని స్థానంలో వచ్చిన 2023 టెలికమ్యూనికేషన్ల చట్టమూ అనుమతి అడుగుతుంది. లైసెన్సు అక్కర్లేని వాకీటాకీలకు 2018 నిబంధనలు 446.0–446.2 మెగాహెర్ట్జ్ మధ్య అర వాటు వరకే అనుమతిస్తాయి. అంత పవర్‌తో, చేతిలో పట్టుకుని, 15 కిలోమీటర్లు మాట్లాడలేరు.

మీరు ఆ ఫోన్ ఆన్ చేయకండి. ఇద్దరు ముగ్గురు స్నేహితుల దగ్గర వేర్వేరు కంపెనీల సిమ్‌లు తీసుకెళ్లి, చెరువు గట్టున ఒకసారి, మోటారు షెడ్డు కప్పు మీద ఒకసారి పరీక్షించండి. ఏదో ఒకటి అందే అవకాశం ఉంది. హ్యాండ్‌సెట్ వెనక మూత తీసి చూడండి. బ్యాటరీ కొసల దగ్గర తెల్లటి పొడి పేరుకుని ఉంటే లోపలి బ్యాటరీ కారిందన్నమాట. అప్పటి సెట్లలో ఎక్కువగా నికెల్ కాడ్మియం బ్యాటరీలే ఉండేవి, కాడ్మియం విషం. చేతితో తాకకుండా సంచిలో కట్టి ఈ-వేస్ట్ తీసుకునేవారికి ఇవ్వండి, చెరువు దరిదాపుల్లో పారేయకండి.